పదకొండో కిలోమీటరు

పాణిగ్రాహి డాక్టరు గారి అంబాసిడరు
రాయగడలో బుద్ధిగానే బయల్దేరుతుంది.
గుణుపురం రోడ్డు మీద
పదకొండో కిలోమీటరు రాయి కనబడగానే
రెండుసార్లు దగ్గి
మూడోసారి దగ్గకుండానే ఆగిపోతుంది.
పావుగంట దాని మానాన దాన్ని వదిలేస్తే
ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది.

"టైమింగు" అన్నాడు దండాసి మేస్త్రి
బీడీ ఒక పెదవి మూల నుంచి ఇంకో మూలకి మార్చి.
మా షెడ్డులో ఆయన మాటే పంచాంగం.

డిస్ట్రిబ్యూటరు మూత తీశాం.
"ఒలే నూకీ, బిగించినప్పుడు కాదు,
విప్పకముందు గియ్యాల గీత" అని
నా చేత సుద్దముక్క పట్టించాడు.
పాయింట్లు మసిబారి ఉన్నాయి, ఆకురాయితో గీకాం.
పదిహేను థౌ ఫీలరు
వెన్నలో చాకులా కాదు,
కొత్త చెప్పులో కాలులా దూరాలి.
బల్బుకి రెండు వైర్లు చుట్టి నేను పట్టుకున్నాను,
ఆయన పానాతో పుల్లీని పిసరంత పిసరంత తిప్పాడు.
పాయింట్లు విడిపోయే ఆ ఒక్క క్షణాన వెలగాలి.
వెలిగింది.
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
ఏడో ఎక్కం నాకు ఇప్పటికీ రాదు,
ఈ వరస మాత్రం నిద్రలో లేపి అడిగినా తప్పను.

నిప్పు ముందొస్తే ఇంజను గులకరాళ్ళు నములుతుంది.
వెనకబడితే ఒళ్ళు కాలిపోయి
మిట్ట చూడగానే నీరసపడుతుంది.
మేస్త్రికి కుడి చెవి ఎప్పుడో కాగితం మిల్లులోనే పోయింది.
స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి
పిడిని పళ్ళ మధ్య కరుచుకుని వింటాడు.
ఆ పళ్ళతో అబద్ధమాడిన బండి
ఇంతవరకూ లేదు.

అయినా పదకొండో రాయి.

కండెన్సరు మార్చాం. కాయిలు మార్చాం.
టైమింగు ఒక వేలు ముందుకి, అర వేలు వెనక్కి.
కార్బరేటరు విప్పితే గిన్నె అడుగున
తడి ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు.
పంపు మీద తడిగుడ్డ కప్పాం, జ్వరం రోగికి కప్పినట్టు.
మేస్త్రి తిట్టడం మానేశాడు.
అది చూసి నాకు భయమేసింది.

మూడోనాడు ఆ రాయి మీదే కూర్చుని
డాక్టరు గారు (హోమియో, ఆ తెల్ల గుళికల సీసాలు
డాష్‌బోర్డులో గలగలమంటూనే ఉంటాయి)
తన ఒడియా యాసలో నెమ్మదిగా అడిగారు:
"దీనికి ఎప్పుడు ఎక్కువవుతుంది?
ఎండలోనా, చల్లలోనా?
పేటొ నిండినప్పుడా, ఖాళీగా ఉన్నప్పుడా?"

మేస్త్రి నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆగాను.
సోమవారం బంకులో గొంతు దాకా పోయించారు.
ఆ రోజు ఆరో రాయి దగ్గరే ఆగింది.
సగం ఉన్నప్పుడే పదకొండు దాకా వచ్చింది.
నిండు కుండ తొణకదంటారు,
ఇదేమిటి, నిండితే నడవదు?

లేచి వెనక్కి వెళ్ళి
ట్యాంకు మూత తిప్పాను.

ఉస్సుమంది.
బయటికి కాదు, లోపలికి.
అంతసేపూ బిగబట్టిన ఊపిరి
ఆ జీడిమామిడి తోటల గాలినంతా
ఒక్క గుక్కలో తాగింది.

పాత మూత ఎక్కడో పడిపోతే
విజయనగరంలో కొన్నారట కొత్తది.
అద్దంలా తళతళ.
చిల్లు ఒక్కటే లేదు దానికి.
పెట్రోలు కిందికి దిగాలంటే
పైనుంచి గాలి రావాలి కదా,
వచ్చే దారేది?

మేస్త్రి మూతని అటూ ఇటూ తిప్పి చూశాడు,
చెల్లని నోటు చూసినట్టు.
షెడ్డులో సన్న బరమాతో ఒక్క పోటు.
చిన్న వెండిరంగు పొట్టు
నా గోటి మీద రాలింది.

ఆరో రాయి. పదకొండు.
ఎవరం మాట్లాడలేదు.
పన్నెండు దాటాక మేస్త్రి బీడీ వెలిగించాడు.
"ఎంతయ్యింది?" అన్నారు డాక్టరు గారు.
"చిల్లుకి డబ్బులేటి బాబూ.
మూడ్రోజుల మా బుర్రతక్కువకి
మీరే ఏదో మందియ్యండి."

సాయంత్రం బానెట్ మళ్ళీ ఎత్తాం.
పాపం, దాని తప్పేం లేకుండా తిప్పేశాం కదా,
మొదటి చోటికి చేర్చాలి.
సుద్దగీత నూనెలో కలిసి కనబడలేదు.
నా బొటనవేలికి గుర్తుంది.
మేస్త్రి ఏమీ అనలేదు.
పానా నా చేతిలో పెట్టి
బల్బు తను పట్టుకున్నాడు.